శివవ్వ మొక్కుయాట

నాందేడ్‌లో దేగ్లూర్ నాకా అవతల, మటన్ బజారు మొదట్లోనే శివవ్వ పొయ్యి ఉంటుంది. మేక తలకాయలు, కాళ్లు కాల్చి, గీకి, కడిగి ఇవ్వడం ఆమె పని. బొగ్గులు రాజేసి, ఒక చేత్తో పంకా తిప్పుతూ, రెండో చేత్తో ఇనుప చువ్వకు గుచ్చిన కాలును మంటలో ఆడిస్తుంటే వెంట్రుకలు చిటపటలాడతాయి. ఆ వాసన పట్టుకొని వచ్చేవాళ్లు కొందరు, ముక్కు మూసుకొని పోయేవాళ్లు కొందరు. శివవ్వ ఎవర్నీ వదిలిపెట్టదు. ఎక్కడికి పోతున్నారు, ఎవరింట్లో ఏం జరుగుతోంది, నిన్న చేతిలో లేని సంచి ఇవాళ ఎందుకుంది, అన్నీ ఆమెకు తెలియాలి.

తెలియకపోతే ఆమెకు ఒక చోట కూర్చోబుద్ధి కాదు. పక్కింటి ఇందుబాయి కొత్త ఫ్రిజ్ కొన్నప్పుడు అందరూ చల్లనీళ్లు తాగి వెళ్లిపోయారు. శివవ్వ మాత్రం దాని ముందే నిలబడి తలుపు తీస్తూ మూస్తూ ఉండిపోయింది.

"తలుపు మూసినంక లోపలి లైటు బుగ్గ ఆరుతదా, ఎలుగుతనే ఉంటదా? నువ్వు చూసినవా?" అని అడిగింది.

"లోపల కూసోని చూడు శివవ్వా, నేను మూస్త" అని ఇందుబాయి ఆమెను బయటికి నెట్టి తలుపు వేసుకుంది.

శివవ్వ పుట్టింది మర్ఖేల్ అనే పల్లెలో. వాళ్లకు గుంటెడు భూమి కూడా ఉండేది కాదు. కూలికి పోతేనే పొయ్యి వెలిగేది. గ్రామదేవత పోచవ్వకు యాటను, అంటే మేకపోతునో గొర్రెపోతునో, బలి ఇస్తే తలకాయ, నాలుగు కాళ్లు వాళ్ల ఇంటికి రావాలని పాత ఆనవాయితీ ఒకటి ఉండేది. అట్లా చిన్నప్పుడే తల్లి పక్కన కూర్చొని కాల్చడం, గీకడం నేర్చుకుంది. భీమయ్యను చేసుకొని నాందేడ్ వచ్చాక అదే విద్య అన్నం పెట్టింది. భీమయ్య పోయినా ఆ పొయ్యి మీదే కొడుకు విలాస్‌ను పెంచి పెద్ద చేసింది.

ప్రతీక్ష మొదటిసారి ఆ పొయ్యి దగ్గరికి వచ్చింది ఎండాకాలంలో. చేతిలో మంచుగడ్డల డబ్బా, భుజానికి బ్యాగు. సగరోళి వైపు రైతుల పిల్ల. నాందేడ్‌లోనే ఒక కాలేజీ ల్యాబ్‌లో పెద్ద చదువు చదువుతోంది.

"కాళ్లు కావాలె అవ్వా. కాల్చనివి. ఇయ్యాల కోసినవే, కీలు పైకి కోసి ఇయ్యాలె" అంది.

"కాల్చకుంట ఏం జేస్కుంటవ్? మీ ఊర్ల వెంట్రుకలతోనే వండుతరా?"

"వండుడుకు కాదు. చదువుకు."

"మేక కాళ్లల్ల గూడ చదువుంటదా! ఎన్నో క్లాసుల పెట్టిండ్రు?"

పిల్లకు నవ్వొచ్చింది. అక్కడే గోనెపట్టా మీద కూర్చొని చెప్పింది. కీలు దగ్గర రెండు ఎముకలు ఒకదానికొకటి ఒరుసుకోకుండా తెల్లగా, నున్నగా మెత్తెముక ఉంటుంది. మనిషి మోకాలిలోనూ అదే ఉంటుంది. అరిగిపోతే మళ్లీ రాదు. దాన్ని మళ్లీ ఎట్లా పెంచాలో వెతకడమే తన పని.

"అంటే మీ కోసమని మేకల్ని కోయిస్తరా?"

"లేదవ్వా, మా కోసం ఒక్క మేకను గూడ కొయ్యొద్దు. తిననీకి కోసినదాంట్ల మిగిలిందే తీస్కోవాలె. గది మా కాడ పద్ధతి."

ఆ మాట శివవ్వకు నచ్చింది. అప్పటి నుంచి వారానికోసారి మంచి కాళ్లు ఏరి, కాల్చకుండా, కడిగి పక్కన పెట్టేది. పిల్ల రాగానే పెళ్లెప్పుడని, ల్యాబ్‌లో ఎవరెవరు ఉంటారని, అంత చదివి జీతం ఎప్పుడొస్తుందని అడిగి అడిగి ఉక్కిరిబిక్కిరి చేసేది. ల్యాబ్‌లో ఆ కాళ్లను ఏం చేస్తారన్నది మాత్రం గీకి గుజ్జు తీసి పారేస్తారని తనకు తానే అనుకొని ఊరుకుంది. ఎన్నెన్నో అడిగిన మనిషి ఆ ఒక్కటీ అడగలేదు.

అప్పటికే విలాస్ మంచంలో ఉన్నాడు. అర్ధాపూర్‌లో లారీకి అరటి గెలలు ఎక్కిస్తూ పైనుంచి జారిపడి కుడి మోకాలు చితికింది. ఆపరేషన్ అయింది. ఇక నడుస్తాడో లేడో అని కోడలు శీతల్ కళ్లు తుడుచుకుంటుంటే, శివవ్వ చూరు కింద నిలబడి మర్ఖేల్ వైపు తిరిగి దండం పెట్టింది. నా కొడుకు కాలు నేల మీద మోపితే యాటను ఇస్తా తల్లీ అని.

ఆషాఢం వచ్చేసరికి విలాస్ కర్ర లేకుండా వాకిలి దాటాడు. దశమి నాడు ఇంటిల్లిపాదీ బస్సెక్కి మర్ఖేల్ పోయి, పోచవ్వ ముందు మేకపోతును ఇచ్చి, కూర అక్కడే వండి, అయినవాళ్లందరికీ పెట్టారు. ఆనవాయితీ ప్రకారం తలకాయ, కాళ్లు శివవ్వవే. తన పొయ్యి మీద తనే కాల్చుకుంటానని, పసుపు కుంకుమలతోనే వాటిని మూట కట్టుకొని సాయంత్రానికి నాందేడ్ తెచ్చుకుంది.

మొక్కుయాటకు ఒక కట్టుబాటు ఉంది. అందులో ఏదీ పరాయి చేతికి పోకూడదు. మొక్కుకున్న ఇంటివాళ్లు తినాలి, తినలేనిది మట్టిలో కలపాలి. యాట పూర్తిగా అయిపోతేనే మొక్కు తీరినట్టు. శివవ్వ పుట్టింటివాళ్లు దీన్ని తూచా తప్పకుండా పాటించేవాళ్లు.

మూట ఇంకా విప్పలేదు, ప్రతీక్ష ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది.

"అవ్వా, నా సీసాలన్నిట్ల బూజు పట్టింది. అన్ని పారబోసిన. రేపు ఏకాదశి, బజారంత బంద్. ఎల్లుండిదాక ఆగితే ఆలస్యమైతది, సార్ కోపానికస్తడు. ఏడనన్న నాలుగు కాళ్లు దొరుకుతయా?"

శివవ్వ మూట వైపు చూసింది. పిల్ల కళ్లల్లో నీళ్లు కూడా చూసింది. తన కొడుకు మోకాలి మీద వేసిన కుట్లు గుర్తొచ్చాయి. ఈ పిల్ల చేసేది మోకాళ్ల పనే కదా.

"ఇయి మొక్కుయాటయి బిడ్డా. పరాయోళ్లకు ఇయ్యొద్దు. నీకు అప్పు ఇస్తున్న అనుకో. నీ పనైనంక బొక్కలు మొత్తం నాకు మళ్ల తెచ్చిచ్చుడే. మట్టిల పెట్టాలె."

"తెచ్చిస్త అవ్వా, ఒక్కటి గూడ పోగొట్ట."

మాట తప్పలేదు. మర్నాడే ఎముకలన్నీ ఒక గుడ్డలో కట్టి తెచ్చి ఇచ్చింది. శివవ్వ వాటిని గోడ వారన గుంత తీసి పూడ్చి, పసుపునీళ్లు చల్లి, చేతులు దులుపుకుంది. మొక్కు తీరిందనుకుంది.

శ్రావణం వచ్చింది. శ్రావణంలో నాందేడ్‌లో సగం మంది మాంసం ముట్టరు. పొయ్యి దగ్గర పని పలచబడింది. పని లేని శివవ్వను పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. ఉన్న బొగ్గులను అటు తీసి ఇటు పేర్చేది, కడిగిన కత్తినే మళ్లీ కడిగేది. అదే రోజుల్లో విలాస్ మోకాలు మళ్లీ వాచింది. పొద్దున్నే బాగానే లేచేవాడు, మధ్యాహ్నానికి అది కుండలా ఉబ్బేది.

అట్లాంటప్పుడు ప్రతీక్ష ఫోన్ పట్టుకొని పరుగెత్తుకొచ్చింది.

"అవ్వా! నీ యాట కాళ్లు ఎంత మంచియో ఎరికేనా? ఇంకా పెరుగుతనే ఉన్నయి. ఇంత మంచిగ ఎన్నడు రాలే. చూడు!"

ఫోన్‌లో బూడిదరంగు బొమ్మ. ఎవరో పిండి చల్లినట్టు చుక్కలు, తోకలున్న చుక్కలు.

"ఏం పెరుగుతున్నయి?"

"కణాలు. మెత్తబొక్కలకెల్లి తీసినయి. వెచ్చటి డబ్బాల పెట్టి, గులాబిరంగు నీళ్లు పోసి తిండి పెడుతున్న. ఒకటి రెండైతది, రెండు నాలుగైతయి."

"తిండి తింటున్నయా?"

"తినకుంటే ఎట్ల బతుకుతయి?"

శివవ్వ చేతిలో చువ్వ ఆగిపోయింది. "యాట సచ్చింది గదా పిల్లా. నా కండ్ల ముందటనే."

"యాట సచ్చిందవ్వా. అండ్ల కణాలు సావలే. నెలకచ్చింది, బతికే ఉన్నయి."

పిల్ల సంతోషంగా చెప్పి సంతోషంగానే వెళ్లిపోయింది. శివవ్వకు మాత్రం ఆ రోజు నుంచి అరికాళ్ల కింద నిప్పులు పోసినట్టయింది. బొక్కలు మట్టిలో ఉన్నాయి, యాట డబ్బాలో ఉంది. మర్ఖేల్‌లో తల్లి ముందు తెగిన యాట ఇక్కడెక్కడో గులాబీ నీళ్లు తాగుతూ ఒకటికి రెండవుతోంది. పరాయి ఇంట్లో, పరాయి చేతి తిండి తింటోంది. అది అయిపోలేదు. అయిపోకపోతే మొక్కు తీరలేదు. మొక్కు తీరకపోతే...

విలాస్ మోకాలి వంక చూడాలంటేనే ఆమెకు భయం పట్టుకుంది.

కడుపులో దాచుకోవడం ఆమెకు చేతకాదు. ఇందుబాయికి చెప్పింది. ఇందుబాయి నోటి మీద చెయ్యి వేసుకుంది.

"అరే దేవా! గట్లెట్ల ఇస్తివే? తల్లికిచ్చినదాన్ని తీసి డబ్బాల పెట్టిపిస్తివి. అందర్ని అడుగుతవు, దాన్ని ఒక్కటి అడుగకపోతివా ఏం జేస్తవని?"

ఆ మాట ముల్లులా దిగింది. ఇంటికి పోయి కొడుకు ముందు కూర్చుంది. విన్నాక విలాస్ నవ్వాడు.

"అవ్వా, నా మోకాలు ఎందుకుబ్బింది? దవాఖానల బరువు మొయ్యొద్దంటే వినకుంట పోయిన వారం మల్ల గెలలు మోసిన గనుక. పాపం మేక ఏం జేసింది?"

"గెలలు మోసినవా? నాకు చెప్పకనే?"

"చెప్తే పోనిస్తవా? ఇంట్ల కూసుంటే ఎట్లెల్తది?"

"ఆయన ఎప్పుడన్న మన మాట విన్నడా అత్తమ్మా" అని శీతల్ వంటింట్లోంచి అంది.

"విను అవ్వా. అది బతికితే బతుకనియ్యి. నా అసుంటోళ్ల మోకాళ్ల కోసమే గదా ఆ పిల్ల చూస్తున్నది" అన్నాడు విలాస్.

కొడుకు చెప్పింది సబబుగానే ఉంది. అయినా శివవ్వ కాలు ఇంట్లో నిలవలేదు. మర్నాడు ఉతికిన చీర కట్టుకొని ల్యాబ్‌కు పోయింది.

అక్కడ చెప్పులు విప్పించారు. తలకు నీలంరంగు టోపీ, ఒంటికి తెల్లకోటు తొడిగారు. ప్రతీక్ష వాళ్ల గజానన్ సార్ ముద్ఖేడ్ మనిషి, తెలుగు బాగానే వచ్చు. కాళ్లు ఇచ్చే ఆమె వచ్చిందంటే కుర్చీ వేయించాడు. శివవ్వ కూర్చోలేదు.

"సార్, నా యాటను అవుజెయ్యాలె. మీ డబ్బాల ఇంక బతికే ఉన్నదట."

సార్‌కు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కోప్పడలేదు, ఓపికగానే చెప్పాడు. "బాయి, మేము ఏ జంతువును చంపలేదు. కత్తి మీరు పట్టిండ్రు, తిన్నది మీరు. మేము మిగిలింది తీస్కున్నం, అంతే. ఇయ్యి లేకుంటే ఏం జెయ్యాల్సి ఉంటది ఎరికేనా? బతికున్న కుందేళ్ల మోకాళ్లు ఇరగ్గొట్టి మందు పెట్టి చూడాలె. అది మంచిగుంటదా?"

శివవ్వ కుందేళ్లను తలుచుకుంది. మంచిగుండదు. ఆ మాట కాదనలేకపోయింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది, గోడకు ఆనుకొని మళ్లీ లేచింది.

"సార్, మాకాడ యాటను తల్లి ముందట నిలబెట్టి నీళ్లు చల్లుతం. అది ఒళ్లు ఇదిలిస్తేనే ఒప్పుకున్నట్టు. అప్పటిదాక కత్తి లేవది. నా యాట ఇదిలించింది. తల్లికి ఒప్పుకున్నది. మీ డబ్బాకు ఒప్పుకున్నదా?"

"నీళ్లు పడితే ఏ జంతువైనా ఇదిలిస్తది బాయి. అది ఒప్పుకునుడు కాదు."

"నాకు తెల్వదా సార్? చిన్నప్పటికెల్లి చూస్తున్న. అయినా అడుగుతం గదా. అడిగినంక ఆగుతం గదా. మీరు ఆగిండ్రా?"

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ప్రతీక్ష తల దించుకొని ఉంది. కాసేపటికి లోపలికి పోయి, చదునుగా ఉన్న చిన్న సీసాను రెండు చేతుల్తో పట్టుకొచ్చి మైక్రోస్కోప్ కింద పెట్టింది.

"తప్పు నాది అవ్వా. బతికుంటయని నీకు ముందుగాల చెప్పకపోతిని. నువ్వు అను, మందు పోస్త. నిమిషంల అయిపోతది. అనే ముందు ఒక్కసారి చూడు."

"ఇదంత పోతే నీ చదువు?"

"మల్ల మొదలుపెడ్త."

శివవ్వ కన్ను ఆనించింది. మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత వెలుగులో తేలుతున్నట్టు సన్నటి ఆకారాలు, ఒకదాన్నొకటి తాకీ తాకకుండా. కొమ్ముల్లేవు, కళ్లు లేవు, చెవుల్లేవు. వాటి మధ్య ఒకటి గుండ్రంగా ఉబ్బి, నడుమ నొక్కు పడి ఉంది.

"గిదేంది?"

"అది రెండైతున్నది."

శివవ్వ కన్ను తీయలేదు. జీవితమంతా కోసిన తలకాయల మధ్య బతికిన మనిషి. కన్ను తెరిచి ఉన్న తలకాయను కూడా మారుమాట లేకుండా మంటలో పెట్టిన మనిషి. ఆ చిన్న నొక్కును చూస్తూ 'మందు పొయ్యి' అనలేకపోయింది. చేతిలో నీళ్లున్నా చల్లడానికి అక్కడ వీపు లేదు. దాన్ని ఎట్లా అడగాలి? ఏది కదిలితే ఒప్పుకున్నట్టు?

"యాట ఇదిలించకుంటే మీకాడ ఏం జేస్తరు అవ్వా?" ప్రతీక్ష మెల్లగా అడిగింది.

"ఒదిలేస్తం. దాని మానాన అది తిరుగుతది. దాని మీద ఎవ్వడు చెయ్యెయ్యడు."

ఆ మాట అన్నాక గానీ తను ఏమందో ఆమెకు తెలియలేదు.

"అయితే నేను గూడ చెయ్యెయ్య. మందులు పొయ్య, పరీక్షలు చెయ్య. తిండి పెడత. ముసలియైనంక అయ్యే ఆగిపోతయి" అంది ప్రతీక్ష.

"ముసలియైతయా?"

"ఎందుకు గావు? అన్నీ అయితయి."

సార్ గట్టిగా నిట్టూర్చాడు. "నీ ఇష్టం ప్రతీక్ష. కొత్త కాళ్లు తెచ్చుకో, మల్ల మొదటికెల్లి చెయ్యి. ఆలస్యమైతే నన్ను అనొద్దు." శివవ్వ తలుపు దగ్గరికి పోయాక వెనక నుంచి అడిగాడు, ఎగతాళిగా కాదు, నిజంగానే: "బాయి, రేపు మీ కొడుకు మోకాలికి ఇసుంటి కణాలే మందైతయి అనుకో. అప్పుడు గూడ చెయ్యెయ్యొద్దనే అంటవా?"

శివవ్వ చెప్పులు తొడుక్కుంది. టోపీ తీయడం మర్చిపోయి అట్లాగే ఆటో ఎక్కింది. ఆటోవాడు అద్దంలో చూసి నవ్వితే గానీ తెలియలేదు.

మర్నాడే విలాస్‌ను బలవంతంగా దవాఖానకు లాక్కుపోయింది. డాక్టర్ మోకాలిలోంచి సూదితో పసుపుపచ్చటి నీళ్లు తీశాడు. ఎముకల మధ్య మెత్తదనం సగం పోయిందని, ఇక బరువులు మొయ్యొద్దని, పోయింది తిరిగి వచ్చే మందు ఇప్పటికైతే లేదని చెప్పాడు. విలాస్ దారి పొడుగునా బస్సు కిటికీలోంచి బయటికే చూశాడు. శివవ్వ అతని మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది. యాటను వదిలేశానన్న మాట పోచవ్వకు చెప్పుకుంది. ఈ మోకాలికి ఏం చెప్పాలో ఆమెకు దొరకలేదు.

శ్రావణం పోయింది. బజారు మళ్లీ నిండింది. పొయ్యి చుట్టూ జనం, తలకాయల గుట్ట, నాది ముందంటే నాది ముందని కేకలు. ప్రతీక్ష మంచుడబ్బా పట్టుకొని వచ్చి ఓ పక్కన నిలబడింది.

"ఎట్లున్నది అది?" శివవ్వ మొదట అడిగింది అదే.

"ఉన్నదవ్వా. ఓ మూలకు పెట్టిన. జర నెమ్మదైంది. ఎవ్వరు ముట్టుకుంటలేరు." పిల్ల డబ్బా మూత తీసింది. "ఇయ్యాల కాళ్లు ఇస్తవా? మొక్కుయి కాదు, బజారుయి."

శివవ్వ గుట్టలోంచి నాలుగు కాళ్లు ఏరింది. పొద్దున తెగినవి. కడిగి సంచిలో వేసి, మంచు నింపి, చెయ్యి చాపింది. ప్రతీక్ష సంచి అందుకుంది. శివవ్వ పట్టు వదల్లేదు.

"వీటిని ఎవరడిగిండ్రు?"

ప్రతీక్షకు అర్థమైంది. "ఎవ్వరు అడుగలే అవ్వా."

"నేను గూడ అడుగలే. ఇన్నేండ్లు, ఇన్ని కాళ్లు. ఒక్కదాన్ని గూడ అడుగలే."

"అయితే ఒద్దా?"

"ఏయ్ శివవ్వా, తలకాయ ఇస్తవా, పిల్లతోని ముచ్చట పెడతవా?" వెనక నుంచి ఎవరో అరిచారు. "ఆగరా, ఊపిరి తీస్కోనియ్యి!" అని ఆమె అటు తిరక్కుండానే గదమాయించింది.

సంచి అడుగు నుంచి మంచునీళ్లు ఇద్దరి పాదాల మీదా బొట్లు బొట్లుగా కారుతున్నాయి. ఇంట్లో విలాస్ ఈపాటికి లేచి ఉంటాడు, గోడ పట్టుకొని వాకిట్లోకి వస్తుంటాడు. ప్రతీక్ష లాగలేదు, తొందర పెట్టలేదు. రెండు చేతులూ సంచికి ఆనించి అట్లాగే నిలబడింది.

కాసేపటికి శివవ్వ వేళ్లు ఒక్కొక్కటీ వదిలింది.

"బతికినన్ని దినాలు తిండి మంచిగ పెట్టు" అంది. పొయ్యి వైపు తిరిగి పంకా అందుకుంది గానీ, తిప్పలేదు.